ఫ్రెంచ్ కెనడా పూర్వీకుల్ని వెతకడం: వలస కాలం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా కోడలిది కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్. నాలుగేళ్ళ కిందట మనవరాలిని స్కూల్లో వంశవృక్షం వేసుకుని రమ్మన్నారు. మా వైపు కొమ్మ మా తాతగారి నాన్న దగ్గర ఆగిపోయింది. ఆయన పేరు కోసం ఊళ్ళో ఉన్న మా పెద్దత్తకి ఫోన్ చేస్తే ఆవిడ కాసేపు ఆలోచించి, రెండు పేర్లు చెప్పి, "ఈ రెండిట్లో ఏదో ఒకటిరా" అంది. కోడలి వైపు మాత్రం ఒక్క శనివారం మధ్యాహ్నం కూర్చుంటే 1650 దాటి వెళ్ళిపోయాం. కుళ్ళుకున్న మాట నిజం. అప్పట్నుంచి నాకీ పిచ్చి పట్టుకుంది. కెనడాలో, అమెరికాలో ఉన్న మనవాళ్ళు, వియ్యంకులో కోడలో అల్లుడో ఆ వైపు వాళ్ళయిన వాళ్ళు, నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అంత వెనక్కి ఎలా వెళ్ళగలుగుతున్నారు? మనకెందుకు కుదరదు?

చర్చి రిజిస్టర్ల వల్ల. ఫ్రెంచ్ నావికుడు శామ్యూల్ ద షాంప్లేన్ 1608లో క్యూబెక్ పట్టణాన్ని స్థాపించాడు, 1634లో త్రువా-రివియేర్, 1642లో మాంట్రియల్ వచ్చాయి. అక్కడ ఉన్నవాళ్ళు దాదాపు అందరూ క్యాథలిక్కులే. పుడితే జ్ఞానస్నానం (బాప్టిజం), పెళ్ళి, పోతే సమాధి, ఈ మూడింటికీ గురువు, అంటే చర్చి ఫాదర్, పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. క్యూబెక్ రిజిస్టర్లు 1621 నుంచి మొదలవుతాయి. 1640లో చర్చి తగలబడి మొదటి పుస్తకం బూడిదయితే, జనం జ్ఞాపకం మీద ఆధారపడి మళ్ళీ రాసుకున్నారు! 1679 నుంచి ప్రతి రిజిస్టరూ రెండు ప్రతులు, ఒకటి చర్చిలో, ఒకటి కోర్టుకి. అందుకే ఒకటి కాలినా, తడిసినా, ఎలుకలు కొట్టినా రెండోది మిగిలిన సందర్భాలు బోలెడు.

పైగా జనం తక్కువ. 1666లో లెక్కిస్తే 3,215 మంది. 1760 నాటికి 70 వేల దాకా పెరిగారు, అదీ ఎక్కువగా అక్కడే పుట్టి పెరిగినవాళ్ళతోనే. ఫ్రాన్స్ నుంచి వచ్చి నిలబడి సంసారాలు చేసినవాళ్ళు ఏ పదివేల మందో. ఇంత చిన్న గుంపు, అంత రాత ఉంటే వెతకడం తేలిక.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పెళ్ళి దగ్గర. ఇది ఒక్కటి గుర్తుంటే మిగతాది నడుస్తుంది. చాలామంది పుట్టిన తేదీ కోసం కొట్టుకుంటారు, అది అనవసరం. ఫ్రెంచ్ కెనడా పెళ్ళి నమోదులో వధూవరుల పేర్లతో పాటు ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. అంటే ఒక పెళ్ళి దొరికితే దానికి వెనక రెండు పెళ్ళిళ్ళు దొరికినట్టే. వరుడి తల్లిదండ్రుల పెళ్ళి వెతకండి, అందులో మళ్ళీ వాళ్ళ తల్లిదండ్రులుంటారు, అలా ఒక్కో మెట్టు. ఇరవయ్యో శతాబ్దంలో తెలిసిన తాతమామ్మల పెళ్ళి దగ్గర బయల్దేరితే పది పన్నెండు మెట్లలో మొదటి వలసదారు దగ్గరికి చేరతారు.

ఒక మెలిక ఉంది. వధువు లేదా వరుడికి అది రెండో పెళ్ళయితే, గురువుగారు తల్లిదండ్రుల పేర్లు రాయరు, చనిపోయిన మొదటి భర్త లేదా భార్య పేరు మాత్రం రాస్తారు. అప్పుడు మొదటి పెళ్ళి వెతుక్కోవాలి. ఆ కాలంలో భార్యో భర్తో పోతే కొన్ని నెలల్లోనే మళ్ళీ పెళ్ళి మామూలు, మూడు పెళ్ళిళ్ళ వాళ్ళు కూడా తగులుతారు, కాబట్టి ఇది మీకు తప్పకుండా ఎదురవుతుంది.

ఇంకోటి, ఈస్టర్ ముందొచ్చే తపస్సుకాలంలో, క్రిస్మస్ ముందొచ్చే ఆగమనకాలంలో పెళ్ళిళ్ళు ఉండవు. మనకి మూఢాలూ శూన్యమాసాలూ ఉన్నట్టే. జనవరి, ఫిబ్రవరి, నవంబర్ పేజీలు ముందు తిప్పండి, పొలం పని లేని నెలలవి.

నాకు ఫ్రెంచ్ రాదు. ఆ రాత చదవగలనా?

చదవగలరు. ప్రతి నమోదూ ఒకే మూసలో ఉంటుంది. పాతిక మాటలు వస్తే చాలు, నాకు వచ్చింది అంతే. "ఫిస్ ద" అంటే ఫలానావారి కొడుకు, "ఫియ్ ద" అంటే కూతురు, "వవ్" అంటే భర్త పోయిన ఆవిడ. తండ్రి పేరు ముందు "ఫె" అని చిన్నమాట ఉందనుకోండి, అది మన శుభలేఖల్లో కీ.శే. లాంటిది, అంటే ఆ పెళ్ళినాటికి ఆయన లేడు. ఈ ఒక్క చిన్నమాటతో ఆయన సమాధి నమోదుని ఏ సంవత్సరాల మధ్య వెతకాలో తేలిపోతుంది. జ్ఞానస్నానం నమోదులో "నే దియేర్" అంటే నిన్న పుట్టిన బిడ్డ. బిడ్డ పుట్టిన రోజునో మర్నాడో చర్చికి తీసుకెళ్ళేవారు, జనవరి మంచులో కూడా.

చివర్లో దాదాపు ఎప్పుడూ ఒకే వాక్యం, వీళ్ళు సంతకం చెయ్యడం రాదని చెప్పారు, అని. కింద గురువుగారి సంతకం ఒక్కటే ఉంటుంది.

అందరూ బోల్తాపడేది నెలల దగ్గర. "7బ్ర" అని ఉంటే ఏడో నెల జులై అనుకుంటాం. అది సెప్టెంబర్. లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు, అందుకని అంకె వేసి తోక తగిలించారు. అలాగే 8 వేస్తే అక్టోబర్, 9 వేస్తే నవంబర్, రోమన్ పది గుర్తు వేస్తే డిసెంబర్. నేను మొదట్లో ఒకావిడ నవంబర్‌లో ఒక బిడ్డని, మరుసటి జులైలో ఇంకో బిడ్డని కన్నదని రాసేసి, డాక్టర్ అయిన మా అబ్బాయి చేత చీవాట్లు తిన్నాను.

ఇంటిపేరు మధ్యలో "ది" అని ఉంటోంది, అదేమిటి?

అదే ఈ పనిలో సగం తలనొప్పి, సగం సరదా. "ది" అంటే అనబడే, అంటే మన పోలీసు ఎఫ్ఐఆర్‌లో "అలియాస్" లాంటిది. ఫలానా మివిల్ ది దెషెన్ అంటే అసలు ఇంటిపేరు మివిల్, జనం పిలిచేది దెషెన్.

ఎందుకు వచ్చాయంటే రకరకాలుగా. ఫ్రెంచ్ సైన్యంలో ప్రతి సిపాయికీ ఒక మారుపేరు ఉండేది, ఆ పేర్లు భలే ఉంటాయి: లఫ్లర్ అంటే పువ్వు, లజనెస్ అంటే యవ్వనం, సాన్సూసీ అంటే చింతలేనివాడు, త్రాన్ష్‌మోంతాన్య అంటే కొండల్ని నరికేవాడు. 1665లో కారిన్యాన్-సాలియేర్ రెజిమెంట్ పన్నెండువందలకి పైగా సిపాయిలతో వచ్చింది, వాళ్ళలో దాదాపు 400 మంది అక్కడే ఉండిపోయి పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఈ మారుపేర్లు వాళ్ళతో పాటే స్థిరపడ్డాయి. కొందరికి వచ్చిన ప్రాంతాన్ని బట్టి పేరు, లాంజ్‌వేన్ అంటే ఆంజూ వాడు, పికార్ అంటే పికార్దీ వాడు. మనకి ఊరిపేరే ఇంటిపేరయినట్టు. మివిల్ వంశానికి మూలపురుషుడు పియేర్ మివిల్‌ని "ది ల స్విస్" అనేవారు, స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబూర్ నుంచి వచ్చాడు కాబట్టి.

చిక్కేమిటంటే, ఒకే తండ్రి కొడుకుల్లో ఒకడు మొదటి పేరు, ఒకడు రెండో పేరు వాడొచ్చు. ఒకే మనిషి జ్ఞానస్నానంలో ఒక పేరు, పెళ్ళిలో ఇంకో పేరు, సమాధిలో రెండూ కలిపి. పందొమ్మిదో శతాబ్దంలో ఎవరికి నచ్చింది వాళ్ళు ఉంచుకుని రెండోది వదిలేశారు. కాబట్టి వెతుకుతున్న వంశం ఉన్నట్టుండి మాయమైతే, "ది" పేర్ల పట్టిక చూసి రెండో పేరుతో వెతకండి. పదిలో ఎనిమిదిసార్లు నాకు అక్కడే దొరికారు.

స్పెల్లింగ్ వేరుగా ఉంటే వేరే మనిషా?

కాదు. గురువు చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు, చెప్పినవాడికి చదువు రాదు, సరిదిద్దేవాళ్ళెవరు? ఎతియెన్ త్రుతో అని ఒక వడ్రంగి లా రోషెల్ నుంచి 1659లో మాంట్రియల్ వచ్చాడు. ఆయన ఇంటిపేరులో "త" తర్వాత తరాల్లో "ద" అయింది. కెనడా ప్రధానులుగా చేసిన పియేర్ ట్రూడో, ఆయన కొడుకు జస్టిన్ ట్రూడో ఆయన వంశమే. అక్షరం చూడకండి, పైకి చదివి చూడండి.

ఆడవాళ్ళ పుట్టింటి పేర్లు దొరుకుతాయా?

ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. ఆ రికార్డుల్లో ఆడమనిషి చచ్చేదాకా పుట్టింటి పేరుతోనే ఉంటుంది. పెళ్ళిలో, పిల్లల జ్ఞానస్నానాల్లో, నోటరీ కాగితాల్లో, చివరికి సమాధి నమోదులో కూడా. అందుకే తల్లి వైపు వెతకడం తండ్రి వైపు వెతికినంత తేలిక. మా అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టింటి పేరు మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు, కోడలి వైపు 1669లో పెళ్ళయిన ఆవిడ పుట్టిల్లు తెలుసు.

"రాజుగారి అమ్మాయిలు" అంటే ఎవరు?

ఫ్రెంచ్‌లో ఫియ్ దు ర్వా. కాలనీలో మగవాళ్ళు ఎక్కువ, పెళ్ళికి అమ్మాయిల్లేరు. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1663 నుంచి 1673 మధ్య దాదాపు 800 మంది అమ్మాయిల్ని సొంత ఖర్చుతో ఓడ ఎక్కించి పంపాడు. ఎక్కువమంది బీదవాళ్ళు, తండ్రి లేనివాళ్ళు, పారిస్‌లోని సాల్పెత్రియేర్ అనే బీదల ఆశ్రమం నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. వేశ్యల్ని పంపారని ఒక పాత పుకారు ఇప్పటికీ తిరుగుతుంది, దాన్ని నమ్మకండి, పరిశోధకులు ఎప్పుడో కొట్టేశారు.

వీళ్ళ విషయంలో తమాషా ఏమిటంటే, వరుణ్ణి ఎంచుకునే హక్కు వాళ్ళదే. నోటరీ దగ్గర ఒకడితో ఒప్పందం రాసుకుని, ఇల్లూ వాకిలీ చూసి నచ్చక రద్దు చేసుకుని, ఇంకొకణ్ణి చేసుకున్నవాళ్ళు ఉన్నారు. కాబట్టి ఒప్పందం దొరికింది కదా అని పెళ్ళయిందని రాసేసుకోకండి, చర్చి నమోదు కూడా చూడాలి. ఫ్రెంచ్ కెనడా వాళ్ళ చెట్టు ఏది తీసినా ఈ అమ్మాయిలు ఒకరిద్దరు కాదు, పదుల్లో ఉంటారు.

ఏ ఓడలో వచ్చారో తెలుసుకోవచ్చా?

చాలావరకు కుదరదు. ప్రయాణికుల జాబితాలు దాదాపు లేవు. ఫలానా ఓడలో వచ్చాడని గట్టిగా రాసిన చెట్లు చూస్తే నాకు అనుమానమే, ఎక్కువభాగం ఆ ఏడాది వచ్చిన ఓడల్లో ఒకదాన్ని ఊహించి తగిలించినవే. లా రోషెల్ నోటరీల దగ్గర పనిమనుషుల ఒప్పందాలు కొన్ని మిగిలాయి, వాళ్ళు చాలామంది 36 నెలలకి సంతకం చేసినవాళ్ళు. అలాంటి కాగితం దొరికితే అదృష్టం.

రికార్డులు ఎక్కడ దొరుకుతాయి? డబ్బు కట్టాలా?

అసలు పేజీల ఫోటోలు ఉచితంగానే చూడొచ్చు. క్యూబెక్ జాతీయ గ్రంథాలయం, ఆర్కైవ్స్ కలిపి ఉన్న బీఏఎన్‌క్యూ సైట్లో, ఫ్యామిలీసెర్చ్‌లో రిజిస్టర్లున్నాయి. మాంట్రియల్ విశ్వవిద్యాలయం జనాభా శాస్త్రవేత్తలు 1966లో మొదలుపెట్టిన పీఆర్‌డీహెచ్ అనే డేటాబేస్ మాత్రం వేరే స్థాయి. 1621 నుంచి 1799 దాకా ఉన్న క్యాథలిక్ నమోదులన్నీ విప్పి, ఒక్కో మనిషికి పుట్టుక, పెళ్ళి, చావు కలిపి ఒక కుటుంబంగా కూర్చారు. దీనికి డబ్బు కట్టాలి. ద్రువేన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సైటు కూడా డబ్బుదే, 1940ల్లో మైక్రోఫిల్ము తీసిన రిజిస్టర్లు వాళ్ళ ప్రత్యేకత.

పుస్తకాల్లో సిప్రియెన్ తాంగే అనే గురువు 1871 నుంచి 1890 దాకా ఏడు సంపుటాలు వేశాడు, ఒక్కడి కష్టానికి దండం పెట్టాలి కానీ తప్పులు చాలా ఉన్నాయి. రెనే జెత్తే 1983లో వేసిన నిఘంటువు 1730 దాకా, అది నమ్మొచ్చు. తాంగే పుస్తకం నెట్‌లో ఉచితం కాబట్టి అందరూ అందులోంచే దించుకుంటారు, తప్పులతో సహా.

జనాభా లెక్కలు పనికొస్తాయా?

1666, 1667, 1681, ఈ మూడింటిలో ఇంటింటి పేర్లూ వయసులూ ఉన్నాయి. మొదటి రెండూ జాఁ తలాన్ అనే పాలనాధికారి చేయించినవి. 1681ది నాకు ఇష్టం, ఎందుకంటే ఇంట్లో మనుషుల తర్వాత తుపాకులెన్ని, పశువులెన్ని, సాగులో భూమి ఎన్ని ఆర్పాన్లు అని రాశారు. ఒక ఆర్పాన్ అంటే మన లెక్కలో ఎకరానికి కాస్త తక్కువ. ఒక తుపాకి, నాలుగు పశువులు, ఎనిమిది ఆర్పాన్లు అని చూడగానే ఆ ఇల్లు కళ్ళకి కడుతుంది. వయసులు మాత్రం లెక్కలోకి తీసుకోకండి. 1666లో ముప్ఫై అని చెప్పినవాడు మరుసటి ఏడాదికి ముప్ఫై అయిదవుతాడు.

నెట్‌లో ఎవరో పెట్టిన చెట్టు దొరికింది. దాన్నే దించుకోవచ్చా?

నేను దించుకున్నాను. ఎక్కడో ఎందుకు, నా సంగతే చెప్తాను. ఒక సైట్లో తయారుగా ఉన్న చెట్టు కనిపిస్తే ఒక్క నొక్కుతో ఐదు తరాలు తగిలించుకుని, ఆ రాత్రి సంబరంగా పడుకున్నాను. రెండు నెలల తర్వాత అసలు రిజిస్టరు తిరగేస్తుంటే అందులో ఒక జాఁ-బాతిస్త్ సమాధి నమోదు కనిపించింది, వయసు మూడు రోజులు. మా చెట్టులో ఆయనకి తొమ్మిదిమంది పిల్లలు.

జరిగిందేమిటంటే, బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం అక్కడ ఆనవాయితీ. అది కాక అన్నదమ్ముల పిల్లలకి ఒకే పేరు, ఊరంతా జాఁ-బాతిస్త్‌లూ జొసెఫ్‌లూ మరీలే. మా జాఁ-బాతిస్త్ ఆ పసివాడి పినతండ్రి కొడుకట. అంటే ఒక కొమ్మ మొత్తం నరికి మళ్ళీ అతికించాల్సి వచ్చింది. ప్రతి మెట్టుకీ అసలు పేజీ ఫోటో చూడనిదే ముందుకెళ్ళొద్దని అప్పుడు ఒట్టు పెట్టుకున్నాను, ఇప్పటికీ ఆత్రంలో అప్పుడప్పుడు తప్పుతుంటాను.

నోటరీ కాగితాలు చూడ్డం అవసరమా?

మెట్లు ఎక్కడానికి అవసరం లేదు, మనిషిని చూడాలంటే అవే. పెళ్ళి ఒప్పందాలు, భూమి కౌళ్ళు, అప్పులు, ఎవరైనా పోతే ఇంట్లో సామాను జాబితా. ఆ జాబితాలు చదవాలండీ, "చిల్లు పడ్డ ఇనప గిన్నె ఒకటి, పాత దుప్పటి ఒకటి" అనే తరహాలో, ఒక్కోదానికి ధర కట్టి.

కెనడాలో మిగిలిన అతి పాత పెళ్ళి ఒప్పందం 1636 జులైది. రోబేర్ ద్రువేన్‌కీ, జకారీ క్లూతియే కూతురు ఆన్‌కీ. పిల్లకి పదేళ్ళు. చర్చిలో పెళ్ళి మరుసటి ఏడాది జులైలో, పదకొండేళ్ళకి. మన పాత ఇళ్ళల్లో పెళ్ళి ముందు, కార్యం ఎప్పటికో అన్న పద్ధతి ఉండేది కదా, ఇక్కడా పిల్ల కాపురానికి కొంతకాలం ఆగాలనే షరతు పెట్టుకున్నారు. ఈ క్లూతియే వడ్రంగి, ఫ్రాన్స్‌లో పెర్ష్ ప్రాంతంలోని మొర్తాన్య నుంచి 1634లో వచ్చాడు. సంతకం రాదు, దాని బదులు గొడ్డలి బొమ్మ గీసేవాడు. నేను ఆ గీత ఫోటో పెద్దది చేసి చూశాను, పిడి, మొన, అంతే, నాలుగు గీతలు. పీఆర్‌డీహెచ్ లెక్క ప్రకారం 1800కి ముందు పెళ్ళిళ్ళయిన వాళ్ళలో ఆయన వారసులు 10,850 మంది, అందరికన్నా ఎక్కువ. మీ వియ్యాలవారు క్యూబెక్ వాళ్ళయితే ఈ గొడ్డలాయన వాళ్ళకీ తాతే అయ్యుండొచ్చు.

ఒకే పూర్వీకుడు నాలుగు చోట్ల వస్తున్నాడు. తప్పు చేశానా?

చెయ్యలేదు. పన్నెండు తరాలు వెనక్కి వెళ్తే లెక్కప్రకారం 4,096 మంది తాతమామ్మలుండాలి, అక్కడ ఉన్నదే కొద్దిమంది. చుట్టరికాలు కలవక తప్పదు. అలాంటప్పుడు పెళ్ళి నమోదులో బిషప్ అనుమతి గురించి ఒక ముక్క ఉంటుంది, "మూడో అంతరం", "మూడు నుంచి నాలుగో అంతరం" అని. ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులు ఎన్ని తరాల పైన ఉన్నారో ఆ అంకె. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలయితే రెండో అంతరం, వాళ్ళ పిల్లలయితే మూడు. నాలుగో అంతరం దాకా అనుమతి కావాల్సిందే.

మన మేనరికం వాళ్ళ లెక్కలో రెండో అంతరం, గట్టిగా అభ్యంతరపెట్టే సంబంధం. మేనమామని చేసుకోవడం అయితే ఇంకా దగ్గర. మా కోడలికి ఇది చెప్తే మా ఇంటి చెట్టుకేసి చూసి, "మీకు ఎన్ని అనుమతులు కావాలో" అంది. వెతికేవాళ్ళకి ఈ ముక్క బంగారం: ఏ ఇద్దరు తాతలు అన్నదమ్ములో తెలియనప్పుడు ఈ అంకె పట్టుకుని తేల్చుకోవచ్చు.

ఫ్రాన్స్‌లో ఇంకా వెనక్కి వెళ్ళొచ్చా?

కొందరికి. వలసదారు పెళ్ళి నమోదులో విచారణ పేరు (ఏ చర్చి పరిధో), మేత్రాసనం పేరు (ఏ బిషప్ పరిధో) ఉంటాయి. ఫ్రాన్స్ జిల్లా ఆర్కైవ్స్ చాలావరకు నెట్‌లో ఉచితం. ముందు ఫిషియే ఒరిజిన్ అనే డేటాబేస్ చూడండి, ఎవరి జ్ఞానస్నానం ఫ్రాన్స్‌లో ఇప్పటికే దొరికిందో అందులో ఉంటుంది. నార్మండీ, పెర్ష్, లా రోషెల్ చుట్టుపక్కల వాళ్ళయితే ఆశ ఉంది. పారిస్ అమ్మాయి అయితే ఆశ వదులుకోండి, 1871లో కమ్యూన్ తిరుగుబాటప్పుడు పారిస్ రిజిస్టర్లు తగలబడిపోయాయి, రెండు ప్రతులూ. రాజుగారి అమ్మాయిల్లో అంతమంది గోడ దగ్గర ఆగిపోవడానికి అదొక పెద్ద కారణం.

కొందరు పేరే మార్చుకుని వచ్చారు. అమెరికన్ రచయిత జాక్ కెరువాక్ మూలపురుషుడు 1732లో పెళ్ళి చేసుకున్న ఒక బ్రెటన్, అంటే ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతం వాడు. వాడిన పేర్లు వేరు, అసలు మనిషి యుఎల్‌గువా అనే ఊరి నోటరీ కుటుంబానికి చెందిన ల బియాన్ అని తేల్చడానికి పరిశోధకులకి రెండున్నర శతాబ్దాలు దాటింది.

రాజవంశం ఉందని మా వాళ్ళు అంటున్నారు, నిజమేనా?

అయ్యుండొచ్చు, నవ్వకండి. కాత్రీన్ ద బయ్యోన్ అనే రాజుగారి అమ్మాయి 1669లో జాక్ మివిల్ ది దెషెన్‌ని పెళ్ళాడింది. ఆవిడ వంశం చార్లమేన్ చక్రవర్తి దాకా కాగితాలతో రుజువైంది. మా కోడలి 1669 పెళ్ళి ఆవిడదే. వారసులు లక్షల్లో ఉన్నారు కాబట్టి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇంటిపేరు చెప్తే రాజముద్ర గీసి ఫ్రేము కట్టి అమ్ముతామనేవాళ్ళకి మాత్రం పైసా ఇవ్వకండి.

ఆదివాసీ పూర్వీకులు ఉన్నారా ఎలా తెలుస్తుంది?

రికార్డుల్లో ఉన్న తొలి పెళ్ళి 1644లో, మార్తేన్ ప్రెవో అనే ఫ్రెంచివాడికీ మరీ ఒలివియే సిల్వెస్త్ర్ మనితుఅబెవిష్ అనే అమ్మాయికీ. వాళ్ళ వారసులు చాలామంది. అయితే సెయింట్ లారెన్స్ నది ఒడ్డు పల్లెల్లో అలాంటి పెళ్ళిళ్ళు తక్కువే, ఇంట్లో చెప్పుకునే కథలు ఎక్కువ. పన్నెండు తరాల కింద ఒక్కరున్నంత మాత్రాన ఇవాళ ఆదివాసీ గుర్తింపు కోరడం పెద్ద గొడవైన విషయం, అక్కడి జాతులకి అది కోపం తెప్పిస్తుంది, న్యాయమే.

దీని పక్కనే బానిసల సంగతి కూడా ఉంది. 1709లో బానిసత్వాన్ని చట్టబద్ధం చేశారు. చరిత్రకారుడు మార్సెల్ త్రుదెల్ దాదాపు 4,200 మంది బానిసల్ని లెక్కతేల్చాడు, మూడింట రెండొంతులు ఆదివాసులు, రికార్డుల్లో "పానీ" అని రాశారు. మీ పూర్వీకుడి ఇంట్లో పానీ అని ఒక పిల్ల జ్ఞానస్నానం కనిపిస్తే దాన్ని దాటేసి వెళ్ళిపోకండి.

అకాడియా కూడా ఇంతేనా?

అది తూర్పు తీరంలోని ఇంకో ఫ్రెంచ్ వలస, వేరే కథ, కష్టమైన కథ. ఇప్పటి నోవా స్కోషియాలోని పోర్-రాయల్ 1605లోనే వచ్చింది. 1755లో బ్రిటిష్ వాళ్ళు అకాడియన్లని ఇళ్ళు తగలబెట్టి, ఓడలెక్కించి తలోదిక్కుకీ తరిమేశారు. రిజిస్టర్లు చాలా పోయాయి. గ్రాన్-ప్రే చర్చి పుస్తకాల్ని జనం తమతో మోసుకెళ్తే అవి ఇప్పుడు లూయిసియానాలో ఉన్నాయి. పోర్-రాయల్‌వి 1702 నుంచి మిగిలాయి. అంతకుముందుకి 1671, 1686 లాంటి జనాభా లెక్కలే దిక్కు.

డీఎన్ఏ పరీక్ష చేయించాలా?

చేయించినా కాగితాల పని తప్పదు. అందరూ అందరికీ చుట్టాలే కాబట్టి వేల మంది కజిన్లు వస్తారు, దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. తల్లి నుంచి కూతురికి వెళ్ళే మైటోకాండ్రియా డీఎన్ఏ మాత్రం ఇక్కడ గొప్పగా పనికొస్తుంది, పుట్టింటి పేర్లన్నీ ఉన్నాయి కనక. కంటిచూపు పోగొట్టే ఒక వంశపారంపర్య జబ్బుని క్యూబెక్ పరిశోధకులు అలాగే వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళి, 1669లో క్యూబెక్‌లో పెళ్ళయిన ఒక్క రాజుగారి అమ్మాయి దగ్గర ఆగారు.

అమెరికాలో ఉన్న మా అల్లుడి ఇంటిపేరు ఇంగ్లీషుది. వాళ్ళు ఫ్రెంచ్ అంటారు?

పందొమ్మిదో శతాబ్దంలో బట్టల మిల్లుల్లో పనికి లక్షలమంది న్యూ ఇంగ్లండ్ వెళ్ళారు. అక్కడ ర్వా కాస్తా కింగ్, లబ్లాన్ వైట్, బ్వావేర్ గ్రీన్‌వుడ్, లజనెస్ యంగ్ అయ్యారు. అర్థం తిప్పి ఫ్రెంచ్‌లో ఏమవుతుందో చూసి, "ది" పేరు కూడా చూసి, అప్పుడు క్యూబెక్‌లో పెళ్ళి వెతకండి.

దీనికీ మనకీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, యానాం. 1763 పారిస్ ఒప్పందంలో ఫ్రాన్స్ కెనడాని బ్రిటన్‌కి వదిలేసింది, పాండిచ్చేరి, యానాం లాంటి స్థావరాలు వెనక్కి తీసుకుంది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉంది, అక్కడా ఫ్రెంచ్ పద్ధతిలో పుట్టుక, పెళ్ళి, చావు రాసిపెట్టారు. ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ అనే ఊళ్ళో ఉన్న వలస ఆర్కైవ్స్‌లో 1666 కెనడా జనాభా లెక్కల కాగితాలూ, యానాం రిజిస్టర్లూ ఒకే గొడుగు కింద ఉన్నాయి. మీవాళ్ళు యానాం వాళ్ళయితే ఆ పాతిక ఫ్రెంచ్ మాటలు మీకు మీ చెట్టుకే పనికొస్తాయి.

ఇంతకీ మీ మనవరాలి చార్టు ఏమైంది?

అట్ట చాల్లేదు. కోడలి వైపు అయిదు తరాలకి కత్తిరించేశాం, గొడ్డలి బొమ్మ మాత్రం పక్కన గీసింది. మా వైపు పైన పెద్దత్త చెప్పిన రెండు పేర్లూ రాసి, మధ్యలో ఏం పెట్టాలా అని నేను ఆలోచిస్తుంటే, మనవరాలు స్కెచ్ పెన్ తీసుకుని "ది" అని రాసేసింది.